దారం పోయిన దారిలో

కిమ్‌లో చూడ్డానికి ఏముందని ఊరి నుంచి ఎవరైనా ఫోన్లో అడిగితే ఇక్కడి మనవాళ్ళు నీళ్ళు నములుతారు. సూరత్ నుంచి భరూచ్ వెళ్ళే రైలు దారిలో, ఓల్పాడ్ తాలూకాలో ఇదొక స్టేషను. నర్మదకూ తాపీకీ మధ్య ఇరుక్కుని ఖంభాత్ సింధుశాఖలో కలిసే చిన్న నది ఒకటుంది, దాని పేరూ కిమ్మే. 48వ నంబరు జాతీయ రహదారి మీద కిమ్ చార్ రస్తా, అక్కడ లారీలు, టీ బండ్లు, పంక్చర్ దుకాణాలు. పిపోదరా వైపు పోయినా కరంజ్ వైపు పోయినా రేకుల షెడ్లే. కోట లేదు, సముద్రం కనపడదు, ఫోటో దిగడానికి తగిన గోడ కూడా దొరకదు. అందుకే చుట్టాలొచ్చినా స్నేహితులొచ్చినా చాలామంది వాళ్ళను సూరత్ తీసుకుపోయి, డుమస్ ఇసకలో నాలుగు అడుగులు నడిపించి, ఒక మాల్ తిప్పి రైలెక్కిస్తారు. వచ్చినవాడు ఊరికెళ్ళి “మావాడు గుజరాత్‌లో ఏదో కంపెనీల ఉన్నడు” అంటాడు. అంతకుమించి వాడికి తెలిసింది లేదు మరి.

నా పద్ధతి వేరు. వచ్చినవాడికి దారం చూపిస్తాను. దారం షెడ్డులోకి దిగే చోట మొదలుపెట్టి, అది చీరై మడతపడి పార్సిల్ మూటలోకి పోయేదాకా వరసగా తిప్పుతాను. వరస తప్పితే కుదరదు. బజారు ముందు చూపిస్తే చీర ధర ఒక్కటే బుర్రలో ఉండిపోతుంది, తర్వాత ఏ మిషను చూపించినా “ఎంత పడుతది?” అనే అడుగుతాడు. దారం ముందు చూపిస్తే చీర ధర దగ్గరికి వచ్చేసరికి వాడికి వేరే ప్రశ్నలుంటాయి. మా సిరిసిల్ల బావ వచ్చినప్పుడు ఇలాగే తిప్పాను. బావంటే వరస కలుపుకున్న బావ, బళ్ళో ఒకే బెంచీ. సాంచాల మధ్య, అంటే మరమగ్గాల మధ్య, పెరిగినవాడు కాబట్టి సగం పని వాడే చేసిపెట్టాడు. మగ్గం ముఖం చూడనివాడు వచ్చినా ఈ దారి పనికొస్తుంది, కాకపోతే రెండు చోట్ల ఎక్కువసేపు నిలబెట్టాలి.

రమ్మనే ముందు కాలం చూసుకోండి. దీపావళికి రమ్మనకండి. పండక్కి ఖాతాలు, అంటే మగ్గాల షెడ్లు, మూతపడితే లాభపంచమి దాటాక గానీ షట్టర్లు సరిగ్గా లేవవు. ఒడియా, యూపీ, బీహార్ కారీగర్లు ఊళ్ళకు పోయి తిరిగి రావడానికి ఇంకొన్నాళ్ళు. హోలీకీ దాదాపు అంతే. ఆగిపోయిన సాంచాలు చూడ్డానికి సిరిసిల్ల నుంచి ఇంత దూరం రానక్కర్లేదు, ఆర్డర్లు లేని నెలల్లో అవి అక్కడే కావలసినన్ని. అన్నింటికన్నా జనవరి మంచిది. 14, 15 తేదీల్లో ఉత్తరాయణం, పతంగుల పండగ. ఆ రెండు రోజులూ పనులు సాగవు, ఊరంతా మేడల మీదే ఉంటుంది. దానికి అటో ఇటో రమ్మంటే పతంగులూ దక్కుతాయి, ఖాతాలూ దక్కుతాయి, పొంక్ కూడా దొరుకుతుంది. లేత జొన్నకంకులు కాల్చి రాల్చిన ఊచబియ్యమే పొంక్. ఇక్కడ సేవ్ కలిపి, మీద నిమ్మకాయ పిండి పెడతారు. మనవాడికి అది కొత్త తిండి కాదు, కొత్త చోట కనబడిన పాత తిండి. మొదటి సాయంత్రం అదే పెట్టండి.

ఫోన్లో చెప్పాల్సిన మాటలు రెండున్నాయి. మొదటిది రైలు. వరంగల్‌లో నవజీవన్ ఎక్కితే బల్హార్షా, వార్ధా, భుసావల్ మీదుగా తిన్నగా సూరత్ తెచ్చి దించుతుంది. రెండోది సీసా. ఇది చెప్పడానికి మొహమాటపడితే తర్వాత తిప్పలు. గుజరాత్‌లో రాష్ట్రం ఏర్పడిన 1960 నుంచీ మద్యనిషేధం ఉంది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్ళకు పర్మిట్టు పద్ధతి ఒకటున్నా, బ్యాగులో దాచి తెచ్చిన సీసాకు అది వర్తించదు. “రెండు రోజులు చాయ్ తాగి బతుకుతవా?” అని బావను ముందే అడిగాను. కాసేపు మాట్లాడలేదు. “చాయ్ మంచిగుంటదా?” అన్నాడు. అంటే వస్తున్నాడన్నమాట.

సూరత్ స్టేషనుకు ఎదురు వెళ్ళండి. అక్కడి నుంచి భరూచ్ వైపు పోయే లోకల్ ఎక్కించి కిమ్ తీసుకురండి, కారులో వద్దు. బండి కదలగానే తాపీ వంతెన వస్తుంది. 2006 ఆగస్టులో ఈ నదే పొంగి సూరత్‌ను ముంచేసిందని అక్కడే చెప్పవచ్చు. తర్వాత ఉత్రాణ్, కోసాడ్, గోఠంగామ్, సాయణ్, కుడ్సద్, ఆ పైన కిమ్. కిటికీ పక్కన కూచోబెడితే చెరకు తోటలు, వాటి మధ్య షెడ్లు, షెడ్ల మధ్య మళ్ళీ చెరకు కనిపిస్తాయి. పెట్టెలో షిఫ్టు దిగినవాళ్ళూ షిఫ్టుకు పోయేవాళ్ళూ ఉంటారు. జుట్టులో నూగు అంటుకుని ఉంటే దిగినవాడు, లేకపోతే ఎక్కబోయేవాడు.

మర్నాడు పొద్దున్నే పని మొదలు. సేఠ్‌ను ముందురోజే అడిగి ఉంచాలి. చెప్పకుండా తీసుకుపోతే పక్క పార్టీ మనిషిని తెచ్చాడనుకుంటారు. ఫోన్ జేబులోంచి తీయకూడదని మీవాడికి గట్టిగా చెప్పండి. డిజైన్ ఫోటో ఒకటి బయటికి పోతే వారం తిరక్కుండా అదే డిజైన్ పక్క మార్కెట్లో నాలుగు రూపాయలు తక్కువకు వేలాడుతుంది. మెడలో కండువా, వదులు చొక్కా వద్దు. బెల్టులు, రోలర్లు తిరిగే చోటు అది.

మొదట చూపించాల్సింది టెక్స్చరైజింగ్ షెడ్డు. దారం పుట్టుక నిజానికి ఇంకా వెనక ఉంది. హజీరాలో రిలయన్స్ వాళ్ళ ప్లాంటు లాంటి చోట్ల పెట్రోలియం నుంచి వచ్చిన రసాయనాలను కరిగించి సన్నని రంధ్రాల్లోంచి పోగులుగా లాగుతారు. అక్కడికి మనల్ని రానివ్వరు గనక మాటల్లో చెప్పి ముందుకు సాగాలి. ఇక్కడికి వచ్చే బాబిన్ల మీద ఉండేది పీఓవై, సగం సాగదీసి వదిలేసిన దారం. చేతిలోకి తీసుకుని లాగి చూడమనండి, సాగిపోతుంది, తిరిగి వెనక్కి రాదు. ఈ దారంతో నేస్తే బట్ట నిలవదు. అందుకే మిషన్లో దాన్ని 200 డిగ్రీలకు కాస్త అటూఇటూ కాగిన హీటరు మీదుగా పంపి, తిరిగే డిస్కుల మధ్య మెలిపెడుతూ, పొడవు ఒకటిన్నర రెట్లకు పైగా సాగేలా లాగుతారు. అవతలి వైపు బయటికొచ్చేసరికి నున్నటి పోగుకు సన్నని వంకీలు పడి ఉబ్బుతుంది, పట్టుకుంటే కాస్త నూలు దారంలా ఉంటుంది.

ఇక్కడ డెనియర్ లెక్క చెప్పేయాలి, తర్వాత అన్నింటికీ ఇదే ఆధారం. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 75 డెనియర్ అంటే 9,000 మీటర్లు కలిపి 75 గ్రాములే. నేను చెప్పి ఊరుకున్నాను, బావ అక్కడే వేళ్ళు మడిచాడు. ఐదు కిలోల కోన్‌లో 600 కిలోమీటర్ల దారం ఉంటుంది. “అంటే రెండు కోన్లు పట్టుకొని నవజీవన్ వెంట ఇప్పుకుంట పోతె వరంగల్ వస్తదా?” అన్నాడు. వస్తుంది, ఇంకా మిగులుతుంది కూడా. ఇలా అడిగే మనిషిని తిప్పడంలో ఉన్న సుఖం వేరు.

రెండో చోటు ట్విస్టింగ్. పైకి ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. వరసల కొద్దీ కదుళ్ళు తిరుగుతుంటాయి, ఒక హోరు వినిపిస్తుంటుంది. కొత్తవాళ్ళు రెండు నిమిషాల్లో బయటికి పోదామంటారు. పోనివ్వకండి. జార్జెట్‌కు జార్జెట్ గుణం వచ్చేది ఇక్కడే. ఇక్కడి టీఎఫ్ఓ మిషన్లలో కదురు ఒక చుట్టు తిరిగితే దారానికి రెండు మెలికలు పడతాయి. జార్జెట్ దారానికి మీటరుకు వేలల్లోనే మెలికలు వేస్తారు. తడిసిన చీరను ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండితే అది ముడుచుకుని వేళ్ళాడుతుంది చూడండి, ఈ దారం ఎప్పుడూ ఆ స్థితిలోనే ఉంటుంది. ఒక మూర లాగి రెండు చివరలూ దగ్గరికి తెస్తే చేతిలోనే తనను తాను చుట్టేసుకుంటుంది. మీవాడితో ఇది చేయించండి, మిషను చుట్టూ పది సార్లు తిప్పినదానికన్నా ఎక్కువ అర్థమవుతుంది. ఆ మెలిక విప్పుకోకుండా దారాన్ని ఆవిరి పెట్టెలో పెట్టి ఉడికిస్తారు. కుడి మెలిక పోగులు రెండు, ఎడమ మెలిక పోగులు రెండు, ఇలా మార్చి మార్చి నేస్తారు. తర్వాత మిల్లులో వేడినీళ్ళు తగలగానే ఆ పోగులన్నీ ఎవరి దిక్కుకు వాళ్ళు తిరగబోతాయి, ఒకదాన్నొకటి పట్టి ఆపుకుంటాయి. చీర మీద కనిపించే ఆ సన్నని గరుకు ఆ పెనుగులాటే.

మూడోది వార్పింగ్. సిరిసిల్లలో వార్పిన్ అంటారు, అక్కడ వార్పిన్ కార్మికుడంటే ఒక హోదా. ఎత్తైన క్రీల్ నిండా కోన్లు, ఒక్కో కోన్ నుంచి ఒక్కో పోగు, అన్నీ కలిసి పెద్ద డ్రమ్ము మీదికి పట్టీలు పట్టీలుగా చేరి, అక్కడి నుంచి బీము మీదికి ఎక్కుతాయి. అంగుళానికి 100 పోగులనుకుంటే 44 అంగుళాల పన్నాకు 4,400 పోగులు. ఒక్క పోగు తెగినా డ్రమ్ము ఆగాలి. తెగింది పట్టించుకోకుండా చుట్టేస్తే ఆ గీత బట్ట పొడవునా పోతుంది, కొనేవాడు వేలు పెట్టి చూపిస్తాడు.

బీము సాంచా మీదికి పోయే ముందు పసారా ఉంటుంది. తిప్పడానికి తీసుకెళ్ళేవాళ్ళు ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే, ఎందుకంటే ఇది ఒక మూల, ట్యూబ్‌లైటు కింద, నేలమీద జరుగుతుంది. అచ్చుకు అటు ఒకడు, ఇటు ఒకడు కూర్చుంటారు. అటువాడు పోగు అందిస్తాడు. ఇటువాడు సన్నని కొక్కెంతో దాన్ని అల్లు కంటిలోంచి లాగి, పన్నె పళ్ళ సందులోకి దూరుస్తాడు. ఒకటి, ఇంకొకటి, 4,400 అయ్యేదాకా. డిజైన్‌ను బట్టి ఏ పోగు ఏ అల్లులోకి పోవాలో వరస ఉంటుంది. వాళ్ళు దాన్ని చూసి చేయరు, పెదాల మీద గొణుక్కుంటూ చేస్తారు. మాట్లాడిస్తే వరస పోతుంది. అందుకని దూరంగా నిలబడి చూడాలి.

పాత బీము అయిపోయి అదే డిజైన్ కొనసాగితే మళ్ళీ పసారా అక్కర్లేదు, పాత పోగుల కొసలకు కొత్తవి అతికిస్తే చాలు. పెద్ద ఖాతాల్లో దానికి ముడులేసే మిషను వచ్చింది. మేం వెళ్ళిన ఖాతాలో మాత్రం ఒక పెద్దాయన చేత్తోనే అతుకుతున్నాడు. బావ ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. అడగలేదు, భాష కూడా రాదు. అక్కడున్న డబ్బాలోంచి చిటికెడు బూడిద తీసి బొటనవేలికీ చూపుడువేలికీ రాసుకున్నాడు. పాత కొస, కొత్త కొస కలిపి పట్టి, వేలి మీద వేలు ఒక్కసారి జరిపి వదిలాడు. పెద్దాయన ఆ పోగును గోటితో మీటి చూశాడు. ఊడలేదు. కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆ తర్వాత బావను అక్కడి నుంచి లేపడానికి నేను టీ ఆశ చూపాల్సి వచ్చింది.

ఇక సాంచాల షెడ్డు. చెవుల్లో దూది పెట్టి లోపలికి తీసుకెళ్ళండి. పెట్టకపోతే అయిదు నిమిషాలకే తల దిమ్మెక్కుతుంది. లోపల పన్నెండు గంటల షిఫ్టు చేసేవాళ్ళలో చాలామంది చెవుల్లో ఏమీ ఉండదు, అదీ చూపించాలి. మాట వినపడదు గనక అన్నీ సైగలే. అందుకే లోపలికి పోకముందే చెప్పాల్సింది చెప్పేయాలి.

చెప్పాల్సింది ముఖ్యంగా లెక్క. అంగుళానికి 60 పేక పోగులున్న బట్ట అనుకుందాం. నాడె తిరిగే పాత సాంచా నిమిషానికి 150 పోగులు వేస్తే గంటకు నాలుగు మీటర్లు కూడా దిగదు. జాకెట్టు ముక్కతో కలిపి ఆరుంపావు మీటర్ల చీర దిగడానికి గంటా నలభై నిమిషాలు. అదే వాటర్‌జెట్ నిమిషానికి 600 పోగులు వేస్తే ఇరవై అయిదు నిమిషాల్లో చీర. పక్కపక్కన ఆ రెండూ ఉన్న చోటికి తీసుకెళ్తే నేను చెప్పనక్కర్లేదు. ఒకదాంట్లో నాడె అటూఇటూ కొట్టుకుంటూ పోవడం కంటికి ఆనుతుంది. రెండోదాంట్లో పేక కనిపించదు. సన్నని నీటి చిమ్ము ఒకటి పోగును అవతలి ఒడ్డుకు విసురుతుంది, బట్ట తడిగానే చుట్టుకుంటుంది. ఇది నీళ్ళు పీల్చని దారానికే పనికొస్తుంది. పాలిస్టర్, నైలాన్ అయితే సరే, నూలుకు కుదరదు. సూరత్ చుట్టుపక్కల పాలిస్టర్ ఎందుకు ఇంతగా పాతుకుపోయిందో, పాలిస్టర్ వెంట ఈ మిషన్లు ఎందుకు వచ్చాయో ఒకదాన్నొకటి చూసి అర్థం చేసుకోవాలి.

మిషన్లు చూసింది చాలు, మనుషులను కూడా చూపించండి. ఖాతాల్లో ఎక్కువమంది ఒడిశా గంజాం జిల్లావాళ్ళు. బరంపురం వైపు నుంచి వచ్చినవాళ్ళలో తెలుగు వచ్చినవాళ్ళు తగులుతుంటారు. మాకూ ఒకతను తగిలాడు. బావ తెలుగులో వాగుతుంటే సాంచా ఆపకుండానే తల తిప్పి, “ఏ ఊరండీ?” అన్నాడు. అంత హోరులో ఎలా విన్నాడో. పెదాల కదలిక చూసి ఉంటాడు, ఈ షెడ్లలో పనిచేసేవాళ్ళకు అది అలవాటే. మీటరు లెక్కన కూలి గనక ఎక్కువసేపు నిలబెట్టకూడదు. సాంచా ఆగిన ప్రతి నిమిషమూ అతని జేబులోంచే పోతుంది. ఊళ్ళు చెప్పుకుని, చాయ్ టైముకు బయట కలుద్దామని సైగ చేసి వచ్చాం. కలిశాం కూడా. బావ నాకన్నా అతనితోనే ఎక్కువ మాట్లాడాడు.

సాంచా నుంచి దిగిన బట్టను గ్రే అంటారు. సుమారు నూరు మీటర్ల ముక్క ఒక తాకా. టేబుల్ మీద లైటు పెట్టి పరిచి, తప్పులు వెతికి, మడతేసి, నంబరేసి టెంపోకు ఎక్కిస్తారు. ఇది త్వరగా చూసేయవచ్చు. ఒక్కటి మాత్రం చెప్పండి. ఈ బట్టకు రంగు లేదు, మెరుపు లేదు, కట్టుకోవడానికి పనికిరాదు. కిమ్ పని ఇక్కడితో ఐపోయింది. చీర మీద పేరు ఇంకెవరిదో పడుతుంది.

మధ్యాహ్నం ఇంట్లో భోజనం. మా ఆవిడ “అన్నా, ఇంకొంచెం పెట్టుకోండి” అని గరిటె పట్టుకుని నిలబడితే, బావ “చెల్లె, ఇగ చాలు” అని ఆకు మీద చెయ్యి అడ్డం పెడుతున్నాడు. కాస్త నడుం వాల్చాక భాట్‌గామ్ తీసుకెళ్ళాను. అదీ ఓల్పాడ్ తాలూకాలోనే ఉంది. దారం వరసలో ఇది లేదు, కానీ ఇంటికొచ్చిన మనిషి సంగతి గనక వదలను. దండి యాత్రలో గాంధీ 1930 మార్చి 29న ఈ ఊళ్ళో మాట్లాడాడు. మాట్లాడింది ఉప్పు గురించి కన్నా తమ గురించే. వచ్చినవాళ్ళకని సూరత్ నుంచి మోటారు లారీలో పాలు తెప్పించారని, రాత్రి దారిలో వెలుగు కోసం బరువైన గ్యాసు దీపాన్ని ఒక కూలీ నెత్తిన పెట్టి పరుగెత్తించారని తెలిసి, అందరి ముందూ తమవాళ్ళనే కడిగేశాడు. ఆ దళంతో నడిచినవాళ్ళలో మన కృష్ణా జిల్లా ఎర్నేని సుబ్రహ్మణ్యం ఒకడు. ఆ ఎండలో, ఆ మట్టిదారిలో తెలుగు మాట్లాడ్డానికి ఆయనకు పక్కన ఎవరూ ఉండి ఉండరు. బావ అంతా విని, “అయితే రాత్రికి కూర ఒక్కటే చెయ్యమను చెల్లెను” అన్నాడు. ఆమె వినలేదనుకోండి.

రెండో రోజు సూరత్. ప్రాసెసింగ్ మిల్లులు పాండేసరా, పల్సాణా, కడోదరా వైపు ఉంటాయి. లోపలికి రానివ్వడం కష్టం, తెలిసిన మాస్టర్ ఉండాలి. దొరికితే జెట్ డైయింగ్, స్టెంటర్, ఈ రెండే చూపించి బయటపడండి. వేడి, వాసన రెండూ ఎక్కువ. రంగు కన్నా ముందు ఇక్కడ బట్ట బరువు తగ్గిస్తారు. కాస్టిక్ సోడాలో ఉడికిస్తే పాలిస్టర్ పోగు పైపొర కరిగి పోతుంది, బట్ట మెత్తబడి ఒంటికి జారుతుంది. దారాన్ని కిలోల లెక్కన కొని, నేసి, చివరికి అందులో కొంత నీళ్ళపాలు చేసేదంతా ఆ మెత్తదనం కోసమే. తర్వాత మూతబిగించిన జెట్ మిషన్లో 130 డిగ్రీల దగ్గర రంగు. మామూలు ఉడుకు నీళ్ళకు పాలిస్టర్ రంగు పట్టదు. ఆపైన స్టెంటర్‌లో అంచులు పిన్నులకు తగిలించి, వేడిగాలిలో లాగి, పన్నా సరిచేసి వదులుతారు. ఒకవైపు గ్రే తాకా పోతుంటే రెండోవైపు మామిడాకు పచ్చ చీరబట్ట వస్తుంటుంది.

తర్వాత లింబాయత్. పద్మశాలీల పేట, తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడ్డవాళ్ళు. తెలుగు బోర్డులు, దసరాకు బతుకమ్మ, కులదైవం మార్కండేయుడు, అన్నీ ఉన్నాయి. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ ఇప్పటికీ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. వీధుల్లో గుమ్మాల ముందు ఆడవాళ్ళు చీరలకు రాళ్ళు అంటించడం, లేసు కుట్టడం, మడతలేయడం కనిపిస్తాయి. మిల్లు నుంచి వచ్చిన బట్ట మార్కెట్‌కు పోయే దారి ఈ గుమ్మాల మీదుగానే. బావ ఇక్కడ రెండు గంటలు మాయమైపోయాడు. ఎవరింటి పేరు అడిగినా ఎక్కడో ఒకచోట చుట్టరికం తగులుతోందట. ఈ మెట్టుకు సమయం లెక్క వేసుకోకండి.

ఓపిక మిగిలితే కతార్‌గామ్ దర్వాజా దగ్గరి ఇంగ్లీషు, డచ్చి సమాధులు చూపించవచ్చు. 1669లో పోయిన జార్జ్ ఆక్సెండెన్‌కు గుమ్మటాల సమాధి, 1691లో పోయిన డచ్చి దొర వాన్ రీడ్‌కు అంతకు మించినది. వీళ్ళంతా బట్టల బేరానికి వచ్చినవాళ్ళే. ఇంగ్లీషు కంపెనీ కోఠీ మచిలీపట్నంలో 1611లోనే వచ్చింది, సూరత్ కోఠీకి మొగలు చక్రవర్తి ఫర్మానా దొరికింది 1613లో. మనం రెండేళ్ళు ముందున్నామని చెప్పుకోవచ్చు, దానివల్ల ఒరిగిందేమీ లేకపోయినా.

చివరిది రింగ్ రోడ్. ఆదివారం వద్దు, మార్కెట్లు మూసి ఉంటాయి. సూరత్ టెక్స్‌టైల్ మార్కెట్, మిలీనియం, రాధాకృష్ణ, ఒక్కొక్కటీ అంతస్తుల మీద అంతస్తులు, వాటినిండా గదులంత దుకాణాలు. తెల్ల పరుపు మీద కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, చీరల దొంతర ముందుకు విసురుతారు. ఇప్పటిదాకా వరసగా తిప్పిన ఫలితం ఇక్కడ తెలుస్తుంది. బావ ధర అడగలేదు. చీర చివర పట్టుకుని నలిపి, కొస నుంచి ఒక పోగు లాగి, రెండు చివరలూ దగ్గరికి తెచ్చి మెలిక చూశాడు. “డెనియర్ ఎంత?” అని హిందీలో అడిగాడు. సేఠ్ నా వైపు చూసి, “పార్టీ ఎక్కడిది?” అన్నాడు. సిరిసిల్ల అని చెప్పగానే నవ్వేశాడు. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచడం మొదలుపెట్టిన ఏడాది సిరిసిల్ల నుంచి అన్ని చీరలు సమయానికి రాక సూరత్ నుంచి కూడా కొన్నారు. నచ్చని చీరలను కొన్ని చోట్ల ఆడవాళ్ళు రోడ్డు మీదే తగలబెట్టారు. ఆ సంగతి ఈ బజారు మరచిపోలేదు. “కాల్చేందుకా, కట్టుకునేందుకా?” అని సేఠ్ అడిగాడు. బావకు హిందీలో తగిన జవాబు దొరకలేదు. తెలుగులో మాత్రం బ్రహ్మాండమైనది ఒకటి అన్నాడు, దాన్ని నేను అనువదించలేదు.

ఒక చీర ఇవ్వమంటే ఇవ్వరు. ఇది టోకు బజారు, సెట్టు కొనాలి. ఒకే రకం, వేర్వేరు రంగులు, మాకు చెప్పిన సెట్టులో ఎనిమిది. బావ ఫోన్ తీసి ఇంటికి కలిపాడు. అటునుంచి అక్క గొంతు, వెనకాల ఇంకెవరివో మూడు నాలుగు గొంతులు. ఆకుపచ్చ ఎవరికి, మెరూన్ ఎవరికి, ఆడబిడ్డకు ఇస్తే తోడికోడలికి ఇవ్వకుండా ఎట్లా అన్న పంచాయితీ అరగంటయినా తెగలేదు. సేఠ్ అప్పటికే మూట కట్టించేశాడు. బిల్లు కట్టి, మూట భుజానేసుకుని స్టేషను వైపు నడుస్తున్నా ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. నవజీవన్ వరంగల్ చేరేదాకా తేల్చుకునేందుకు వాళ్ళకు బోలెడంత సమయం ఉంది.